ఊ కొట్టిన కోటలు

పొద్దు గూకింది. గాలి లేదు, ఒకటే ఉక్క. సముద్రం వైపు మెరుస్తోంది గానీ వాన ఇంకా ఇక్కడిదాకా రాలేదు.

తలుపు గొలుసు పెట్టకురా. మీ అమ్మ ఇంకా రాలేదు. డ్యూటీ దిగి బస్సెక్కే ఉంటుంది, వచ్చేస్తుంది. చాప ఇటు లాగండి. బుల్లిదాన్ని నా ఒళ్ళోకి ఇవ్వండి. కథా? సరే, చెబుతా. కానీ ఊ కొట్టాలి. ఊ లేకపోతే కథ నడవదు, ముందే చెబుతున్నా.

అనగనగా, సముద్రం ఊళ్ళోకి వచ్చి పడుకునే చోట, ఒక రేవు పట్నం. ఆ రేవుకి ఒకటే వాకిలి. వాకిలికి అటో కొండ, ఇటో కొండ. అటు కొండ మీద ఒక కోట, ఇటు కొండ మీద ఒక కోట. ఇటుది పెదకోట, అటుది చినకోట. పెదకోట గోడ మీద ఎవరైనా గట్టిగా తుమ్మితే చినకోటలో 'చిరంజీవ' అనేవాళ్ళట. అంత దగ్గర.

రెండిటి మధ్యా నీళ్ళలో ఇనప గొలుసు. ఒక్కో కడియంలో మన బుల్లిది కూర్చుని ఉయ్యాల ఊగొచ్చు, అంత పెద్దది. పగలు ఆ గొలుసు నీటి అడుగున పడుకునేది, పడవలు దాని మీదుగా వచ్చేవి, పోయేవి. పొద్దు గూకగానే రెండు కోటల్లోనూ చక్రాలు తిప్పి దాన్ని పైకి లాగేవాళ్ళు. ఇంక ఓడదొంగ కాదు కదా, వాడి తాత కూడా లోపలికి రాలేడు. పట్నం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేది.

ఒక మెలిక ఉంది. ఒక్క కోట వాళ్ళు చక్రం వదిలితే చాలదు. పెదకోట వదిలితే గొలుసు పెదకోట వైపే మునుగుతుంది. అక్కడన్నీ రాళ్ళు. చినకోట వదిలితే చినకోట వైపే మునుగుతుంది. అక్కడంతా ఇసుక మేట. లోతుండేది నడుమనే. ఆ నడుమ దారి తెరుచుకోవాలంటే ఇద్దరూ వదలాలి. ఏ ఒక్కడూ పట్నాన్ని అమ్ముకోకూడదని పాతకాలం రాజుగారు చేసిన ఏర్పాటది.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. గొలుసు ఎత్తేముందు పెదకోట నగారా పిలిచేది. ధాం ధాం ధాం. అంటే, 'అందరూ వచ్చారా?' అని. చినకోట వాళ్ళు సముద్రం కేసి చూసి, వేటకి పోయిన పడవలన్నీ వచ్చేశాయనుకుంటే అప్పుడు ఒకే ఒక్క దెబ్బ కొట్టేవాళ్ళు. ధూం. అంటే ఊ. ఆ ఊ వినపడ్డాకే చక్రాలు తిరిగేవి. ఒక్క తెప్ప బయటుండిపోయినా ఊ వచ్చేది కాదు. ఆ తెప్ప కోసం రెండు కోటలూ, పట్నమూ, రాజుగారూ అందరూ కాచుకోవాల్సిందే.

ఊ కొడుతున్నారా? ఆఁ. అలా.

ఇప్పుడు నూకరత్నం సంగతి. చినకోట కాపలా పెద్ద పైడినాయుడి కూతురు. ఆ పిల్లని పెదకోట కాపలా పెద్ద జగ్గునాయుడి కొడుక్కి ఇచ్చారు. ఈ కోట పిల్ల ఆ కోట కోడలు, ఇంతకన్నా ముచ్చటేముంది? పందిట్లో విస్తళ్ళు వేశారు. వియ్యంకులిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అరిసె తుంచి నోట్లో వేసుకుంటూ జగ్గునాయుడు నవ్వులాటకి ఒక మాటన్నాడు.

"ఎంతైనా మేం పిలిచేవాళ్ళం బావా, మీరు పలికేవాళ్ళు. ఇప్పుడు పిల్లని కూడా ఇచ్చారు. ఇంక జన్మంతా మీరు ఊ కొట్టాల్సిందే."

పైడినాయుడి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది.

"అయితే రేపటినించి మేం పిలుస్తాం. మీరు కొట్టండి ఊ."

"మా తాతలనాటినించీ పిలిచేది మేమే."

"మా తాతలు మంచివాళ్ళు కాబట్టి పలికారు. నేను పలకను."

"పలక్కపో! నీ ఊ లేకపోతే పొద్దు గూకదా?"

అంతే. అరిసెలు విస్తట్లోనే ఉండిపోయాయి. మర్నాడు పెదకోట నగారా పిలిచింది, ధాం ధాం ధాం. చినకోట పలకలేదు. ఆ పై పొద్దు చినకోట పిలిచింది, ధాం ధాం ధాం. పెదకోట మూతి ముడుచుకుని కూర్చుంది. ఇద్దరికీ పిలవడమే కావాలి, ఊ కొట్టడం ఎవరికీ అక్కర్లేదు. తగువు రాజుగారి దగ్గరకి వెళ్ళింది. రాజుగారు ఇటు మాట విని ఇదీ నిజమే అన్నాడు. అటు మాట విని అదీ నిజమే అన్నాడు. భోజనానికి లేచి వెళ్ళిపోయాడు. రాజులకి ఆ రెండు పనులూ బాగా వచ్చు.

ఇంక నగారాలు మూగబోయాయి. నగారా కింద పావురాలు గూడు పెట్టుకున్నాయి. పొద్దు కొండ వెనక్కి దిగడం చూసి ఎవరి చక్రం వాళ్ళు తిప్పుకోవడం, తెల్లారి వేగుచుక్క మాసిపోగానే వదలడం. గొలుసు పైకొచ్చేది, కిందికి పోయేది. పనికేం లోటు లేదు. 'అందరూ వచ్చారా?' అని అడిగే మాట ఒక్కటే పోయింది. అది పోయినట్టు ఎవరికీ తెలియలేదు కూడా.

నూకరత్నానికి తెలిసింది.

చినకోట గడప తొక్కితే కాళ్ళు విరుస్తానని మామ, పెదకోట మొహం చూస్తే ముద్ద ముట్టనని తల్లితో తండ్రి. పుట్టిల్లేమో ఎదురుగా, నీళ్ళకి ఆవల. పొద్దున్నే అమ్మ పొయ్యి పొగ కనిపించేది. ఆ పొగ చూసి అమ్మ లేచిందనుకునేది. తమ్ముడి పెళ్ళి జరిగితే దీపాలు చూసింది. మేళం గాలివాటుకి ఒకసారి వినపడి ఒకసారి వినపడలేదు. మొగుడు మంచివాడే. కానీ పగలు వేట, రాత్రి కాపలా. అత్త లేదు. ఎవరితో మాట్లాడుతుంది? మాటలు వాడక వాడక తగ్గిపోయాయి. బావిలో చేద వెయ్యకపోతే నీళ్ళు ఎలా అడుక్కి పోతాయో, అలా.

గొలుసుని ఒక దెయ్యం పట్టుకుందని కోటలో పిల్లలంతా హడిలిపోయేవాళ్ళు. పొద్దు గూకితే కిర్రుమని మూలుగుతుంది కదా. నూకరత్నం మాత్రం గోడ పక్కన కూర్చుని ఆ మూలుగు వినేది. పాపం, ఆ దెయ్యమైనా మాట్లాడుతోంది కదా అనుకునేది.

మరి తల్లీకూతుళ్ళు అసలు మాట్లాడుకోలేదా అంటే, మాట్లాడుకున్నారు. ఎలాగ? చీరలతో. తల్లి సీతాలమ్మ ఒకనాడు గోడ మీద పసుపు చీర ఆరేసింది. కూతురు పెళ్ళినాటి చీర తీసి తనూ ఆరేసింది, అదీ పసుపే. పసుపు చీర అంటే బాగున్నాం. నీలం చీర అంటే ఒంట్లో బాలేదు. ఎవరూ చెప్పుకోలేదు, చూస్తూ చూస్తూ అలా కుదిరింది. నూకరత్నం పురుడు పోసుకుంటే గోడ నిండా పొత్తిగుడ్డలు ఆరేసింది. అవి చూసి ఆ తల్లి అవతల ఒంటరిగా ఏడ్చిందట, ఒంటరిగా నవ్విందట. మనవడో మనవరాలో ఎలా తెలుస్తుంది? పిల్లాడు నడిచే ఈడొచ్చాక చిన్న గోచి ఆరేస్తే అప్పుడు తెలిసింది.

నవ్వకండి. నిజం.

ఇద్దరు మగపిల్లలు. ఎర్రన్న, సోమన్న. పెరిగారు, మీసాలొచ్చాయి, తండ్రితో కలిసి వేటకి వెళ్ళడం మొదలెట్టారు. వాళ్ళ పడవ తెరచాప చిరిగితే నూకరత్నం తన పసుపు చీర చెంగు కత్తిరించి మాసిక వేసింది. పాతగుడ్డ దొరక్క కాదు. సముద్రం మీద ఆ పచ్చటి ముక్క కనిపిస్తే, అదిగో నా మనవలు అని అవతల గోడ మీద ఒక ప్రాణం గుర్తుపడుతుందని.

ఊ కొడుతున్నారా? ఏరా, నిద్రొస్తోందా? అసలు కథ ఇప్పుడే.

ఒకరోజు. ఇలాంటి పొద్దే. ఇలాంటి ఉక్కే. మధ్యాహ్నం నించీ సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. గాలి లేక తెరచాపలు వేలాడిపోయి, వేటకి పోయిన పడవలు అక్కడెక్కడో ఉండిపోయాయి. అంతలో పడమట కొండ వెనకనించి నల్లటి మబ్బు లేచింది. పొద్దు ఇంకా బారెడు ఎత్తునుంది. మబ్బు దాన్ని మింగేసింది. చీకటి పడింది.

చక్రాల దగ్గర మనుషులకి పొద్దే కదా గుర్తు? మబ్బుని చూసి పొద్దు గూకిందనుకున్నారు. పెదకోటలో చక్రం తిప్పారు. చినకోటలో చక్రం తిప్పారు. గొలుసు కిర్రుమంటూ పైకి లేచింది. పడవలన్నీ బయట.

నూకరత్నం గోడ మీదనించి చూసింది. అల్లంత దూరంలో చుక్కలు. ఒక చుక్కలో పచ్చటి ముక్క. అప్పుడే గాలి సముద్రం వైపునించి తిరిగింది. చల్లటి గాలి మొహాన కొట్టింది. ఆ గాలి వెనక ఏమొస్తుందో సముద్రం పక్కన పుట్టినదానికి ఒకరు చెప్పాలా? ఆ గాలికి పడవలు పరుగున వస్తాయి. వచ్చి గొలుసుకి కొట్టుకుంటాయి. లేదా రాళ్ళకి.

మెట్లు దిగి పరిగెత్తింది. చక్రం వదలమని అడిగింది. చక్రం దగ్గరివాళ్ళు తలలు దించుకున్నారు. గొలుసు దిగాలంటే చక్రం తిరగాలమ్మా, చక్రం తిరగాలంటే నాయుడు చెప్పాలి, నాయుడు చెప్పాలంటే అవతలి నాయుడు ఊ కొట్టాలి, అవతలి నాయుడు ఊ కొట్టాలంటే ఇవతలి నాయుడు ముందు ఊ కొట్టాలి, ఇవతలి నాయుడు ఊ కొట్టాలంటే సముద్రం ఇంకిపోవాలి అన్నారు.

మామ దగ్గరికి వెళ్ళింది. ఆయనా గోడ పక్కనే ఉన్నాడు, సముద్రం కేసే చూస్తున్నాడు.

"మామా. పడవలు బయటున్నాయి."

"లంగరేసుకుంటార్లే. తెల్లారి వస్తారు."

"గాలి తిరిగింది మామా."

 ఆయన మీసం మీద చెయ్యి వేశాడు గానీ చూపు పడవల మీదే ఉంది. వాళ్ళు ఆయన కొడుకూ మనవలూ కాదూ?

"మనమొక్కళ్ళం వదిలితే ఏమవుతుందే? రాళ్ళ మీదికి దారి చూపించినట్టు. మీ అయ్య కూడా వదలాలి."

"అడగండి."

"నేనా? వాణ్ణా? ఇన్నేళ్ళ పట్టు ఇవాళ వదిలి ఊ కొడితే, లోకం నవ్వదూ?"

"లోకం దీపాలు పెట్టుకుని అన్నం తింటోంది మామా. ఇక్కడ చూసేది మనమే."

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంక ఆమె దగ్గర ఉన్న మాటలు అయిపోయాయి.

ఏడుపు రాలేదు.  గోడ పట్టుకుని చినకోట కేసి చూసింది. ఎప్పుడూ పొద్దు వాలకముందే తీసేసే పసుపు చీర ఆ గోడ మీద ఇంకా ఉంది. గాలికి చటచటా కొట్టుకుంటోంది. తియ్యలేదు అంటే, అమ్మ అక్కడే నిలబడి ఉంది. అమ్మ కూడా ఆ పచ్చటి ముక్కని చూసింది.

నూకరత్నం నగారా దగ్గరికి నడిచింది. ఆడవాళ్ళు నగారా తాకకూడదని ఆ కోటలో కట్టుబాటు. తాకింది. పావురాలు బెదిరి లేచిపోయాయి. కర్ర చేతిలోకి తీసుకుంది. పిలుద్దామనుకుంది, ధాం ధాం ధాం. చెయ్యి ఎత్తి ఆగింది. పిలిస్తే ఏమవుతుంది? అయ్య పలకడు. ఇన్నేళ్ళూ రెండు కోటలూ పిలుద్దామనే కదా చూశాయి. అవతలివాళ్ళు చెవులు కోసుకుని ఎదురుచూస్తున్నది పిలుపు కోసం కాదు.

కర్ర రెండు చేతులా ఎత్తి ఒకే ఒక్క దెబ్బ కొట్టింది.

ధూం.

ఆ కోట కట్టినప్పటినించీ పెదకోట నగారా ఊ అనడం అదే మొదలు.

అదే క్షణాన అవతలనించి వినపడింది. ధూం.

కొండకి తగిలి తన చప్పుడే తిరిగొచ్చిందనుకుంది. మళ్ళీ కర్ర ఎత్తింది. ఇంకా కొట్టనేలేదు. అవతలనించి ధూం.

కొండలు తిరిగి పలుకుతాయి గానీ, ముందే పలకవు కదర్రా.

నూకరత్నం కళ్ళు అప్పుడు తడిశాయి. ఆ దెబ్బ ఎవరిదో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు రోట్లో పిండి దంచుతుంటే అదే చెయ్యి, అదే ఊపు. అవతల ఆ ముసలితల్లి కూడా ఇదే ఆలోచించి, ఇలాగే కట్టుబాటు దాటి, ఇలాగే ఒంటరిగా కర్ర ఎత్తింది.

ఎవరే నగారా ముట్టుకుందని జగ్గునాయుడు చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. అవతలి ధూం విని నడిమెట్టు మీద ఆగిపోయాడు. నోరు తెరుచుకుంది.

"వాడు ఊ కొట్టాడు! పైడినాయుడు మనకి ఊ కొట్టాడు!"

అవతల పైడినాయుడు కూడా పెళ్ళాం మీద అరవబోతూ ఆగిపోయాడట. "వాడు ఊ కొట్టాడే! జగ్గడు మనకి ఊ కొట్టాడు!" అని గంతేశాడట ఆ వయసులో.

ఇంకేముంది? ఇక్కడ "వదలండర్రా చక్రం!" అక్కడ "వదలండర్రా చక్రం!" ఆ ఒక్క అరుపు కోసమే ఇద్దరి గొంతుల్లో ఇన్నేళ్ళూ ఏదో అడ్డం పడి ఉన్నట్టుంది. చక్రాలు గిరగిరా తిరిగాయి. గొలుసు మూలిగింది. దెయ్యం నీళ్ళలోకి దిగిపోయింది. నడుమ దారి తెరుచుకుంది.

గాలివాన వచ్చింది. ఎలాంటి వానంటే, కోట గోడలే తలలు వంచుకున్నాయి. కాగడాలు పట్టుకుని అందరూ రేవు మెట్ల మీదికి దిగారు. పడవలు ఒకదాని వెనక ఒకటి లోపలికి దూకాయి. ఒకటొచ్చింది, పచ్చ ముక్క లేదు. ఇంకోటొచ్చింది, లేదు. మరోటి, లేదు. వచ్చినవాళ్ళ పెళ్ళాలు వాళ్ళని పట్టుకుని ఏడుస్తున్నారు. నూకరత్నం అందరికన్నా కింది మెట్టు మీద, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఎవరో వెనక్కి రమ్మన్నారు. వినపడలేదు.

చిట్టచివర, తెరచాప సగం చిరిగి, అడ్డంగా తిరుగుతూ ఒక పడవ వచ్చింది. చిరిగిన చోట చిరిగింది గానీ మాసిక వేసిన చోట చిరగలేదు.

ముందు ఎర్రన్న దిగాడు. ఆమె వాడి భుజం ముట్టుకుని ఒకటి అంది. సోమన్న దిగాడు, విరిగిన తెడ్డు ఇంకా చేతిలోనే. రెండు అంది. చివర మొగుడు దిగాడు. ఏమే, చలిలో నిలబడ్డావు అన్నాడు. మూడు అంది. అని అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.

వాన తెరిపిచ్చాక, చినకోట వైపునించి ఒక చిన్న తెప్ప వచ్చింది. అందులో ఇద్దరు ముసలివాళ్ళు. పైడినాయుడు ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు, ఊ కొట్టించుకున్నవాడు కదా మరి. జగ్గునాయుడు కూడా ఛాతీ విరుచుకుని ఎదురెళ్ళాడు, తనూ ఊ కొట్టించుకున్నవాడే కదా.

"రా బావా. చివరికి దారికొచ్చావు."

"నేనా, నువ్వా?"

"నీ నగారా ముందు మోగలేదూ?"

"నీదే ముందు మోగింది!"

వాళ్ళనలా వదిలేసి సీతాలమ్మ తెప్ప దిగింది. మీసాలున్న మనవణ్ణి కిందినించి పైదాకా చూసి, "ఓరి, ఆ గోచివాడివి నువ్వేనా?" అంది. ఎర్రన్న సిగ్గుతో చచ్చిపోయాడు. తరవాత తల్లీకూతుళ్ళు ఒకరి అరచేతులు ఒకరు చూసుకున్నారు. ఇద్దరివీ నగారా కర్రకి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.  ఎవరి కొంగుతో వాళ్ళు చేతులు కప్పుకున్నారు. ఇప్పటికీ ఆ కోటల్లో తెలీదు, ఏ నగారా ముందు మోగిందో.

ఆ మర్నాటినించీ ఒక పొద్దు ఈ కోట పిలిస్తే ఆ కోట ఊ కొట్టేది, మరో పొద్దు ఆ కోట పిలిస్తే ఈ కోట ఊ కొట్టేది. పావురాలు వేరే గూడు చూసుకున్నాయి. సీతాలమ్మ చీరలు చీరల్లాగే ఆరాయి, ఇంక కబుర్లు మొయ్యాల్సిన పని వాటికి తప్పింది. అందరూ బాగున్నారు.

అందుకే చెబుతున్నా. ఎంత గట్టి కోటైనా, తలుపు మూసేముందు అందరూ వచ్చారా అని అడగాలి. అడిగితే ఎవరో ఒకరు ఊ అనాలి. ఊ అన్నంత మాత్రాన ఎవరూ చిన్నవాళ్ళైపోరు.

పడవలు రేవుకి చేరాయి, కథ ఒడ్డుకి చేరింది. ఇంక మనం పక్కల మీదికి చేరుదాం.

ఊ కొడుతున్నారా? ఎవరూ కొట్టట్లేదే. పడుకున్నారు. పెద్దాడు, ఒకటి. నడిపిది, రెండు. ఒళ్ళో బుల్లిది, మూడు. వాన ఇక్కడికీ వచ్చినట్టుంది, చూరు కారుతోంది.

ఎవరది గుమ్మంలో? తడిసిపోయావా తల్లీ? తల తుడుచుకో, అన్నం పెడతా.

నాలుగు. ఇప్పుడు పెట్టు, తలుపు గొలుసు.